పన్నెండు వందల యాభై ఎనిమిది, పక్కన మా ఊరి గడి

పన్నెండు వందల యాభై ఎనిమిదో సంవత్సరం గురించి నన్ను ఎప్పుడు అడిగినా తడుముకోకుండా చెబుతాను. ఆ ఏడు మంగోలులు బాగ్దాద్‌ను పట్టుకున్నారు. అక్కడి ఖలీఫాను తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారని అంటారు. రాజరక్తం నేల మీద పడకూడదని వాళ్ళకొక పట్టింపు. పుస్తకాలన్నీ నదిలో పారేస్తే నీళ్ళు సిరా రంగుకు తిరిగాయని కూడా అంటారు. అదే ఏడు ఇంగ్లండులో ప్రభువులంతా కూడి, ఇకమీదట తమను అడగకుండా ఏ పనీ చెయ్యనని రాజు చేత ప్రమాణం చేయించుకున్నారు. వాళ్ళు ప్రమాణాల గొడవలో ఉండగా లండన్ వీధుల్లో జనం తిండి లేక చచ్చారు. కొరియాలో రాజును బొమ్మలాగా కూర్చోబెట్టి తరతరాలుగా పెత్తనం చేసిన ఒక ఇంటి చివరి మగవాణ్ణి సొంత మనుషులే నరికేశారు. వియత్నాం రాజధానిలోకి మంగోలు దండు దిగేసరికి ఊరు ఖాళీగా ఉంది. తిండి దొరకక, ఎండకు తట్టుకోలేక, ఎదురుదెబ్బ తిని ఆ దండు వెనక్కి పోయింది. జపానులో కరువు. మా వైపు, కడప నుంచి కమలాపురం పోయే దారిలో ఉన్న వల్లూరులో, కాకతీయుల కింది నాయకులు కోటలో కూర్చుని ఈ సీమనంతా ఏలుతున్నారు.

ముప్పై ఏళ్ళు ఇవన్నీ పిల్లలకు చెప్పాను. ఖలీఫా దగ్గర గొంతు తగ్గించేవాణ్ణి, వియత్నాం దగ్గర పెంచేవాణ్ణి. అవేవీ నేను చూసినవి కావు. నా సొంత బడిలో, నా బల్ల మీదే జరిగిన ఒక సంగతి గురించి మాత్రం కోర్టులో ఒకే ఒక్కసారి అడిగారు. అప్పుడు అబద్ధం చెప్పాను. అది రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. పేర్లు రాయను. పేర్లు రాయకపోతే ఎవరికీ ఏమీ కాదని ఒకప్పుడు గట్టిగా నమ్మినవాణ్ణి నేను. ఆ నమ్మకం ఎంత పనికిమాలిందో ముందు ముందు మీకే తెలుస్తుంది. అయినా బతికున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి రాయను.

మాది జమ్మలమడుగు మిషనులో మా ముత్తాత కాలంలో కలిసిన కుటుంబం. మా నాయన ఉపదేశి. సైకిలు మీద ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉండేది. అందులో నిలువుగా గీతలు కొట్టి, ఒక గడిలో ఇశ్రాయేలు రాజులు, పక్క గడిలో యూదా రాజులు, ఆ పక్కన బబులోను సంగతులు రాసుకునేవాడు. ఒక రాజు ఇక్కడ పాపం చేస్తున్నప్పుడు అక్కడ ఎవడు కత్తి నూరుతున్నాడో ఒక్క చూపులో తెలియాలని ఆయన ఉద్దేశం. నేను సాంఘికశాస్త్రం పంతులునయ్యాక ఆ గీతలనే బడికి తెచ్చాను. ఒక ఏడు తీసుకోవడం, గడులు గీయడం, గడికొక దేశం. మా పిల్లలకు వల్లూరు తెలుసు కాబట్టి, వల్లూరుకు పేరున్న కాలంలో ఒక ఏడు ఎంచుకున్నాను.

ఈ సంగతి జరిగిన ఊరు పెద్దముడియం వైపు, నల్లరేగడి నేలల్లో ఉంది. ఆ ఊళ్ళో అన్నీ రెండేసి. రెండు టీకొట్లు, రెండు పిండిమరలు, క్షవరానికి రెండు దుకాణాలు. పైవీధివాళ్ళది ఒక గుంపు, కిందివీధివాళ్ళది ఒక గుంపు. మా క్రైస్తవుల వీధి ఊరి చివర, ఇద్దరి పొలాల్లోనూ కూలికి పోయేది. పైవీధి ఏ పార్టీలో చేరితే కిందివీధి రెండోదాంట్లో చేరేది. ఒకసారి రెండు గుంపులూ ఒకే వారంలో పార్టీలు మార్చుకున్నాయి. రెండు వీధుల జెండాలూ మార్చాలంటే గుడ్డ చాలక ప్రొద్దుటూరు మనిషిని పంపారు. సిద్ధాంతాల గురించి ఎవరైనా నా ముందు గొంతు చించుకుంటే నాకు ఇప్పటికీ ఆ గుడ్డే గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఊళ్ళో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది బడి ఒక్కటే. అందులో కూడా పైవీధి పిల్లలు కిటికీ వైపు, కిందివీధి పిల్లలు తలుపు వైపు కూర్చునేవారు.

నేను ఆ బడికి పోయిన తొలి సంవత్సరాల్లోనే, పట్టపగలు, జొన్నచేల మధ్య బండిదారిలో కిందివీధి మనిషిని ఒకణ్ణి నరికి చంపారు. పోలీసులు వచ్చి ఊరంతా అడిగారు. ఎవరిని అడిగినా, ఆ రోజు తాము ప్రొద్దుటూరులో ఉన్నామన్నారు. ఒకడు పత్తి విత్తనాలకు, ఒకడు పంటినొప్పికి, ఒకడు సినిమాకు. ఊరికి ఉన్న ఒకే ఒక్క బస్సులో అంతమంది ఎట్లా పట్టారని ఏ పోలీసూ అడగలేదు. పైవీధికి చెందిన ముగ్గురిని పోలీసులు అనుమానం మీద పట్టుకుని, బెయిలు మీద వదిలేశారు. చూసినవాళ్ళు లేరు కాబట్టి కేసు వాయిదాల మీద నడిచింది. అట్లా రెండేళ్ళు గడిచాయి.

ఆ రెండో ఏడు బడికి పెద్ద తనిఖీ ఉందన్నారు. తొమ్మిదో తరగతి గదిలో నా చార్టు కట్టాలని నాకు పూనకం వచ్చింది. నాలుగు డ్రాయింగు షీట్లు అతికించి, గోడ వెడల్పున గడులు గీశాం. బాగ్దాద్, ఇంగ్లండు, కొరియా, వియత్నాం, జపాను, వల్లూరు. చివరి గడికి నేనే 'మన ఊరు' అని పేరు పెట్టాను. అందులో రాయడానికేమీ లేదు. ఏడు వందల ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పే రాయి కూడా లేదు.

ఖాళీగా వదిలేస్తే సరిపోయేది. కానీ నా తెలివి ఊరుకోలేదు. "మనకు దొరికిన ఏడే రాద్దాం. ఈ మధ్య మన ఊళ్ళో జరిగింది ఏదైనా ఒకటి ఇంటి దగ్గర అడిగి రాసుకురండి. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఎవడో చదువుకుంటాడు" అన్నాను. అంతటితో ఆగానా, లేదు. "చరిత్రకు భయం ఉండకూడదు. అబద్ధం రాస్తే సున్నా వేస్తాను" అని కూడా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను బల్ల మీద చేత్తో కొట్టడం నాకు బాగా గుర్తుంది.

మర్నాడు పిల్లలు రాసుకొచ్చారు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిన సంగతి, గొర్రెలకు రోగం వచ్చిన సంగతి, బస్సు బోల్తా పడిన సంగతి. ఫ్యాక్షను ఊళ్ళో పుట్టిన పిల్లలకు ఏది రాయకూడదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క పిల్ల మాత్రం నా మాట నమ్మింది. మా వీధి పిల్లే, మా చర్చి పిల్లే. తండ్రి పొలాల్లో కాపలా మనిషి. ఆమె రాసింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"రెండేండ్ల కిందట జొన్నలు పాలు పోసుకునే కాలం. మా నాయన మంచె మీద పిట్టలు తోల్తాండె. దావలో ఒక మనిషిని ముగ్గురు నరికి పోయిరి. మా నాయన దిగి పోయె. ఆ మనిషి నీళ్ళు అడిగె. మా నాయన ముంతతో పోసె. రెండు గుక్కలు తాగె. మూడో గుక్క బయటికొచ్చె. నరికినోళ్ళ పేర్లు చెప్పి సచ్చిపాయె." దాని కింద మూడు పేర్లు. ఆ పైన, మార్జిన్‌లో, నేను నేర్పినట్టే, రాసిన రోజు తేదీ.

నాకు భయం వేయలేదా అంటే వేసింది. కానీ భయం కంటే మురిపెం ఎక్కువైంది. ఎన్నో ఏళ్ళుగా పిల్లల రాతలు దిద్దుతున్నాను, అట్లాంటి వాక్యం ఒక్కటి కూడా చూడలేదు. మూడో గుక్క బయటికొచ్చె. బాగ్దాద్ పక్కన పెట్టదగిన మాట మా వీధి పిల్ల రాసిందని నాకు గర్వం. ముగ్గురి పేర్లూ తీసేశాను. తండ్రిని 'మంచె మీది మనిషి' అని మార్చాను. భాష కూడా దిద్ది పుస్తకాల తెలుగులోకి తెచ్చాను. ఆ పిల్ల చేతనే, గుండ్రటి అక్షరాలతో, స్కెచ్ పెన్నుతో చివరి గడిలో రాయించాను. పేర్లు లేవు కదా, ఇక ఏమవుతుంది అనుకున్నాను. ఆమె నోటు పుస్తకం నా బీరువాలోనే ఉండిపోయింది.

తనిఖీ వాయిదా పడింది, ఎన్నికలు వచ్చాయి. మా బడి ఎప్పట్లాగే పోలింగు కేంద్రమయింది. పంతుళ్ళకు సొంత ఊళ్ళో డ్యూటీ వేయరు కాబట్టి నన్ను పులివెందుల పంపారు. అక్కడ పెట్టెలు, కాగితాలు అప్పజెప్పి లారీలో లింగాల వైపు ఒక ఊరికి తోలారు. చుట్టూ చీనీతోటలు, అంటే బత్తాయి తోటలు. మా అధికారి ఒక పశువుల డాక్టరు. పొద్దున పదకొండుకల్లా బూతులో ఓటర్లు లేరు, ఒకే పార్టీ ఏజెంట్లు నలుగురు ఉన్నారు. రెండో పార్టీ ఏజెంటును ఊళ్ళోకే రానివ్వలేదు.

"సారూ, జనాలను ఎండలో ఎందుకు తిప్పలు పెట్టేది? మేమే ఏస్తాంలే" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. మమ్మల్ని శానా మర్యాదగా చూసుకున్నారు. చీనీరసం తెచ్చి ఇచ్చారు. వాళ్ళు ముద్రలు గుద్దుతుంటే నేను జాబితాలో పేర్లకు టిక్కులు పెట్టాను. చచ్చినవాళ్ళకూ పెట్టాను. పశువుల డాక్టరు పొద్దంతా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇది మంగోలుల కాలంలో జరిగింది కాదు, నా చేత్తో జరిగింది. కానీ ఏ పిల్లలకూ నేను ఈ పాఠం చెప్పలేదు.

మధ్యాహ్నానికి వాళ్ళకు గుద్దడానికి కాగితాలు కూడా అయిపోయాయి. కుర్రగా ఉన్న ఏజెంటు ఒకడు బెంచీ మీద కాళ్ళు చాపి ఆవలించాడు.

"సారూ, పొద్దన్నించి ఈ గోడ మీద రాసిందంతా సదివితి. చేతులు ఎట్ల కడుక్కోవల్ల, నట్టల మందు ఎప్పుడు మింగల్ల, అంతా నోటికొచ్చేసింది. గోడ అయిపాయ. ఇంగేం సదవల్లప్పా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు మా బడి గోడ గుర్తొచ్చింది. ఇదే గంటలో, మా బడిలో, తొమ్మిదో తరగతి గదిలో, పైవీధి ఏజెంట్లు నా చార్టు కింద కూర్చుని ఉన్నారు. వాళ్ళకూ పొద్దు పోవాలి. వాళ్ళూ గోడే చదువుతారు. బాగ్దాద్ నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వస్తారు. పేర్లు లేకపోతేనేం, జొన్నలు పాలు పోసుకునే కాలంలో ఆ బండిదారి పక్కన ఉన్న మంచె ఒక్కటే.

పెట్టెలు అప్పజెప్పి, రెండు బస్సులు మారి, రెండో రోజుకు ఊరు చేరాను. చార్టు గోడ మీదే ఉంది. చివరి గడి మాత్రం లేదు. స్కేలు పెట్టి బ్లేడుతో కోసినంత నీటుగా కోసుకుపోయారు. వల్లూరు గడికి చిన్న గాటు కూడా పడలేదు.

ఆ వారంలోనే పిల్ల తండ్రి బడికి వచ్చాడు. నా ఈడు మనిషి. వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, మా పాప రాసింది గోడకెక్కిచ్చినారంటనే."

చేతిలోని సుద్దముక్కను కిటికీ గట్టు మీద పెట్టాను.

"నాకు సదువు రాదు కదా. పైవీధోళ్ళే ఇంటికొచ్చి ఆ ముక్క సదివి ఇనిపిచ్చినారు. బాగనే రాసినాది."

"తప్పు నాది. పేర్లు లేవు కదా అనుకున్నా" అన్నాను.

"పేర్లు ల్యాకున్నా మంచె ఒగటే కదా సారూ" అన్నాడు. కోపంగా అనలేదు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు అన్నాడు. "రెండేండ్లు నోరు మూసుకోనుంటి. ఇంట్లో ఆడోళ్ళకు తప్ప ఎవురికీ చెప్పల్యా. ముంత ఎత్తితే సాలు ఆ మనిషి గుర్తుకొస్తాడు. కిందివీధోళ్ళు గూడా వచ్చిరి, కోర్టులో చెప్పమని. ఎట్లాగూ బయటపడింది. చెప్తా సారూ, చూసింది చెప్తా."

"నిన్ను బతకనిస్తారా?"

"చెప్పకున్నా వాళ్ళకు అనుమానమే. చెప్తే ఒగసారి పోతా, ల్యాకుంటే రోజూ సస్తాండా." అప్పుడు అసలు సంగతికి వచ్చాడు. "మిమ్మల్ని ఒగటే అడుగుతా. కిందివీధోళ్ళు దుడ్లిచ్చి చెప్పిచ్చినారంటారు లాయర్లు. పాప పుస్తకం మీ తాన ఉంది. దాంట్లో తేదీ ఉంటాదంట. ఎవురూ నా గడప తొక్కకముందే రాసినాదని మీరు వచ్చి చెప్పండి. నన్ను నమ్మరు సారూ, మిమ్మల్ని నమ్ముతారు."

"చెబుతాను" అన్నాను. అంతటితో చాలు. ఆయన ఒట్టు అడగలేదు. కానీ నేనే నోరు ఊరుకోక, "దేవుని తోడు" అని కూడా చేర్చాను. ఆయన తువ్వాలు దులుపుకుని, కొండంత బరువు దిగినట్టుగా వెళ్ళాడు.

ఆయన పోలీసులకు చెప్పి వచ్చాక, పైవీధి పెద్దాయన నాకు కబురు పెట్టాడు. పోయాను. పోకుండా ఉండే ధైర్యం ఉంటే ఈ కథే లేదు. ఆ ఇంట్లో మా వీధివాళ్ళు వాకిట్లో నిలబడి మాట్లాడతారు. నాకు మాత్రం లోపల కుర్చీ వేశారు, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు సంతోషం కలిగింది.

"రాప్పా సారూ. మీ చార్టు గురించి మావోళ్ళు ఒగటే చెప్పడం" అన్నాడు పెద్దాయన. "ఆ ఖలీఫాను తివాచీలో సుట్టినారంట కదా, రగతం కింద పడకూడదని. తెలివైనోళ్ళు."

"అవునన్నా" అన్నాను.

"పిల్లోళ్ళు ఏమేమో రాస్తాంటారు. దిద్దేది మీ పని కదా? తప్పు రాస్తే తప్పని పెట్టల్ల. అప్పుడు ఎవురికీ ఇబ్బంది ఉండదు. ఆ కాపలాయన గూడా పదిలంగా ఉంటాడు." కాఫీ తాగేదాకా ఆగి, నిదానంగా అన్నాడు. "మీ ఇంటామెకు ఆయాసమంట కదా. ప్రొద్దుటూరు బడిలో ఒగ ఖాళీ ఉండాది. ఆస్పత్రి దగ్గరైతాది, చూస్తాంలే."

బెదిరించలేదు, గొంతు కూడా పెంచలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నాలప్పుడు, స్టాఫురూములో ఎవరూ లేనప్పుడు, బీరువా తీసి ఆ పుస్తకం బయట పెట్టాను. ఎర్ర పెన్నుతో పేజీకి అడ్డంగా కొట్టేశాను. కింద "తప్పు. ఇది జరగలేదు. సున్నా" అని రాసి సంతకం చేశాను. ఆ రోజు తేదీ వేయలేదు. పిల్లలు రాసుకొచ్చిన మర్నాటి తేదీ, ఎన్నికలకు ఎంతో ముందటి తేదీ వేశాను. చరిత్ర పంతులుకు తేదీ విలువ బాగా తెలుసు.

ఆ కాపలా మనిషి ప్రాణం కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. పెద్దాయన చెప్పిన మాటనే నా మాటలాగా చెప్పుకున్నాను. అదే నిజమైతే ఆ తండ్రినే పిలిచి ఒక్క మాట అడిగి ఉండేవాణ్ణి కదా. అడగలేదు.

తర్వాతి వారం పోలీసు ఆ పిల్ల తండ్రితో సహా వచ్చి పుస్తకం పట్టుకుపోయాడు. పేజీ తిప్పినప్పుడు ఎర్రసిరా చూసి ఆ తండ్రి ముఖం విప్పారింది. "సారు మార్కులేసినాడు" అన్నాడు పోలీసుతో. నేను హాజరుపట్టీలోకి తల దించుకున్నాను.

ప్రొద్దుటూరు కోర్టులో ఆయన సాక్ష్యం పొద్దున జరిగింది. తొణక్కుండా చెప్పాడు. మంచె, దారి, ముంత, రెండు గుక్కలు, మూడు పేర్లు. దుడ్లు తీసుకున్నావా అని ముద్దాయిల లాయరు పదిసార్లు తిప్పి తిప్పి అడిగినా, "మా పాప ముందే రాసినాది, సారు తేదీ చూసినాడు, ఆయన్ని అడగండి" అన్నాడు. పిల్ల తల్లితో పాటు వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. తరువాత నన్ను పిలిచారు. దేవుని ఎదుట ప్రమాణం చేయించారు.

"ఈ ఎర్రసిరా ఎవరిది?" అన్నాడు లాయరు.

"నాదే."

"ఏముందో గట్టిగా చదవండి."

చదివాను. తప్పు. ఇది జరగలేదు. సున్నా. తేదీ కూడా చదివించాడు.

"తప్పని ఎందుకు వేశారు?"

"పిల్లలు కథలు అల్లుతుంటారు. ఇదీ అట్లాంటిదే అనిపించింది" అన్నాను. కథయితే గోడకెందుకు ఎక్కించావని ఎవరూ అడగలేదు, కోసుకుపోయిన ముక్క కోర్టుదాకా రాలేదు.

నేను చదివేదాకా ఆ ఎర్ర అక్షరాలు ఏమిటో ఆ తండ్రికి తెలియదు. ఆయన నన్ను తిట్టలేదు. ఇంకోసారి చదువుతానేమోనని కాబోలు, నా నోటివైపే చూస్తూ నిలబడ్డాడు. పిల్ల మాత్రం లేచి నిలబడి, "సార్" అంది. కూర్చోమని బంట్రోతు కసిరాడు.

కేసు కొట్టేశారు. పైవీధిలో టపాకాయలు కాల్చారు. ఆ ముగ్గురిలో ఒకాయన తర్వాత మండలంలో పెద్ద పదవిలో కూర్చున్నాడు, అప్పటికి పార్టీ మాత్రం మారింది. వేసవి సెలవులు అయ్యేసరికి నా బదిలీ కాగితం వచ్చింది. ఇప్పుడు నేను ఇది రాస్తున్నది ఆ ప్రొద్దుటూరులోనే.

ఆ పిల్ల తండ్రిని ఎవరూ చంపలేదు. అబద్ధాలకోరును చంపాల్సిన అవసరం ఎవరికుంటుంది? చూడనిది చూశానని చెప్పినవాడు కాపలాకు పనికిరాడని పైవీధివాళ్ళు పని మాన్పించారు. మా కేసు చెడగొట్టావని కిందివీధివాళ్ళు మాన్పించారు. జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ళు పాలిష్ పట్టే చోటికి కుటుంబంతో కూలికి పోయాడు. పిల్ల కూడా బడి మాని అక్కడే చేరిందని విన్నాను. నా దగ్గర చదివిన వందలమందిలో నా మాట నమ్మింది ఆ ఒక్కతే. దానికి నేనిచ్చిన బహుమానం ఆ దుమ్ము. నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వేసినా లాభమేముంది, నెల నెలా పింఛను తీసుకుంటూనే ఉన్నాను.

ప్రొద్దుటూరులో కూడా ఏటా ఆ చార్టు కట్టాను. వల్లూరు దగ్గర ఆపేశాను. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. రిటైరయ్యాక ఒకరోజు పేపరులో చూశాను: ఆ ఏడు లండన్‌లో జనం ఆకలికి చావడానికి, అంతకు ముందేడు ఇండోనేషియా దీవుల్లో పేలిన ఒక అగ్నిపర్వతం కారణం కావచ్చునట. ఎక్కడెక్కడి మంచులోనో దాని బూడిద ఆనవాళ్ళు వెతికి పట్టుకున్నారు. ఏడు వందల ఏళ్ళ నాటి బూడిదకు కూడా సాక్షులు దొరికారు. పేపరు మడిచి పక్కన పెట్టాను, ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ పిల్ల తండ్రి చనిపోయాడని చర్చి అయ్యగారు కబురు చేశారు. అప్పటికి కోర్టు సంగతి జరిగి పద్దెనిమిదేళ్ళు దాటింది. దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయట. పోకూడదనుకున్నాను. మా ఆవిడ, తన ఆయాసంతోనే, "పోయి రాండి, ఈ సారన్నా" అంది. ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. అయినా తెలుసన్నమాట.

జమ్మలమడుగు దగ్గర చిన్న చర్చి ముందు శవపెట్టె మూత తీసి ఉంచారు. జనం పెద్దగా లేరు. పిల్ల నన్ను గుర్తుపట్టింది. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి, చేతులు నాపరాయి రంగుకు తిరిగాయి. ఏడవలేదు. లోపలికి పోయి గుడ్డలో చుట్టిన నోటు పుస్తకం తెచ్చింది. అట్ట మీద కోర్టు ముద్ర, నంబరు.

"అర్జీ పెట్టి, మూడేండ్లు తిరిగి తెచ్చుకుంటి సార్" అంది. ఆ పేజీ తెరిచి పట్టుకుంది. చీర కొంగు ముడి విప్పి ఎర్ర పెన్ను తీసింది. "దిద్దండి."

అందరూ చూస్తున్నారు. నా సున్నాను కొట్టేశాను. దాని కింద "ఒప్పు. ఇది జరిగింది" అని రాశాను. సంతకం చేశాను.

"తేదీ ఏయండి సార్."

అలవాటున నా పెన్ను పైనున్న పాత తేదీ వైపు పోయింది. మనసులో అదే రాయాలని ఉంది. ఆనాడే దిద్దినట్టుగా ఉంటుందని.

"అది కాదు. ఈ పొద్దుటిది ఏయండి" అంది. "ఇన్నేండ్లు పట్టినాదని తెలియల్ల."

వేశాను.

ఆమె పుస్తకం తీసుకుని పెట్టె దగ్గర కూర్చుంది. "మా నాయనకు సదవను రాదు కదా" అని ఎవరితోనో అన్నట్టు అని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. రెండేండ్ల కిందట, జొన్నలు పాలు పోసుకునే కాలం. మంచె, దావ, ముంత, రెండు గుక్కలు, మూడో గుక్క. నేను తీసేసిన మూడు పేర్లూ చదివింది. తరువాత నా తప్పు చదివింది, నా ఒప్పు చదివింది. చివర తేదీ చదివింది, రోజు, నెల, ఏడు. ఏడు దగ్గర ఆగి, తలెత్తి నా వైపు చూసి, అందరికీ వినపడేలా ఇంకోసారి చదివింది.